చెప్పకుండా దిద్దిన తప్పులు

ఆ గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు నా చేతిలో ఉన్న సరుకు ఇది. మధ్యాహ్నం పన్నెండు వరకు సమయం. ఎదురుగా కుర్చీలో మూడు రోజులుగా మాట్లాడని కూతురు. మెట్ల కింద తడి బూట్లు విప్పుతున్న భార్య. ఇవిగాక నా సొంత ఆస్తులు రెండు: ఎవరితోనైనా మాట కలపగల నోరు, ఎన్నడూ గురి తప్పని అంచనా.

అంచనా సంగతి గొప్పకు చెప్పడం లేదు. డండాక్ అనే ఈ ఐరిష్ ఊళ్లో మా పచారీ కొట్టుకు ప్రతి మంగళవారం సరుకు ఆర్డరు పెడతాను. కరివేపాకు ఎన్ని కట్టలు, మునక్కాయలు ఎన్ని పెట్టెలు అని నేను నోటితో చెబుతుంటే, జెమీమా టైపు చేసి డబ్లిన్‌లో హోల్‌సేల్ వ్యాపారికి మెయిలు పంపుతుంది. ఎనిమిదేళ్లలో కుళ్లిపోయి పారబోసింది లేదు, లేదని చెప్పి వెనక్కి పంపిన మనిషి లేడు. కోవిడ్ వచ్చి ఊరంతా తలుపులేసుకున్నాక కూడా నా అంచనా తప్పలేదు.

అలాంటివాడికి, ఒకే కప్పు కింద ఉన్న ఇరవయ్యేళ్ల పిల్ల మనసులో ఏముందో అందలేదు.

టీ పొడి కోసం వంటింటి ప్రెస్ తెరిచాను. గోడ అలమరాను ఇక్కడివాళ్లు ప్రెస్ అంటారు, మాకూ అదే అలవాటైంది. కందిపప్పు డబ్బాకూ బియ్యప్పిండి డబ్బాకూ మధ్య జెమీమా లాప్‌టాప్ నిలబెట్టి ఉంది, అమ్ముడుపోని సరుకులాగా.

"ఇదేందమ్మా, ఇక్కడ పెట్టావు?"

"దాంతో పని అయిపోయింది నాన్నా."

"పన్నెండింటికి మీటింగు గదా."

"పోను. మెయిలు రాసి పెట్టుకున్నా. పన్నెండు లోపల పంపితే చాలు."

"ఏమని రాశావు?"

"టీమ్‌లోంచి తప్పుకుంటున్నా, ప్రాజెక్టు ఒక్కదాన్నే చేసుకుంటానని."

"మరి శాండీఫోర్డు?"

"పోద్ది."

శాండీఫోర్డ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరు నెలల ప్లేస్‌మెంటు. మూడో ఏడాది పిల్లలంతా దాని కోసమే చూస్తున్నారు. మార్కుల్లో మా అమ్మాయిని దాటినవాళ్లు లేరు. కానీ ఆ కంపెనీకి మార్కులు చాలవట. ఈ పిల్ల నలుగురితో కలిసి పని చేయగలదని కాలేజీలో మేడమ్ రాసివ్వాలి. టీమ్ వదిలేస్తే ఆ మాట రాసేవాళ్లుండరు.

రత్నకుమారి లోపలికి వచ్చింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ. ముక్కు మీద మాస్కు గీత ఎర్రగా దిగబడి ఉంది. ఏడాదిగా మా ఇంట్లో ఆమె స్థానం గుమ్మం దగ్గరే. స్నానం చేసేదాకా దగ్గరకు రాదు, మమ్మల్ని రానివ్వదు.

"నిన్న ఫోన్లో సగం చెప్పి పెట్టేశావు. ఇప్పుడు మొత్తం చెప్పు" అంది గుమ్మంలోంచే.

జెమీమా బల్ల మీద గోటితో గీతలు గీస్తూ చెప్పింది. నలుగురు పిల్లల టీమ్. పిల్లలంటే ముగ్గురే. నాలుగో ఆయన ఫిన్‌టన్, యాభై రెండేళ్లవాడు. ముప్పై ఏళ్లు లారీ నడిపి, నడుము దెబ్బతిని, మళ్లీ చదువుకోవడానికి వచ్చాడు. లాక్‌డౌన్‌లో గడప దాటలేని ముసలివాళ్లు ఊళ్లోని చిన్న కొట్లకు ఫోన్‌లో సరుకులు చెప్పుకునే యాప్ తయారుచేయాలి. ఏ ఇంటి తర్వాత ఏ ఇంటికి సరుకు చేర్చాలో లెక్క కట్టే భాగం ఆయన వంతు.

"ఆయన రాసింది తప్పుగా ఉంది. ఒక ఇంటికి ఆర్డరు లేకపోతే మొత్తం ఆగిపోయేది. అందుకని నేను సరిచేసేదాన్ని."

"ఆయనకి చెప్పావా?"

"లేదు."

"ఎన్నిసార్లు?"

"ప్రతి వారం. ఆరు వారాలు. ఆయన శుక్రవారం పెడతాడు. నేను శనివారం పొద్దున మార్చేస్తా. చివరికి ఆయన రాసింది ఒక్క లైను కూడా లేదు."

సోమవారం అందరూ ఆన్‌లైన్‌లో ఉండగా, మీ భాగం ఎలా పని చేస్తుందో చెప్పండి ఫిన్‌టన్ అని మేడమ్ అడిగింది. ఆయన తెర మీద ఉన్నదాన్ని చూశాడు. అది తను రాసింది కాదు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు. నలభై మంది చూస్తుండగా, ఇది నాకు తెలియదండీ అన్నాడు.

ఆ సాయంత్రం టీమ్‌లో ఒకరికొకరు మార్కులు వేసుకునే కాగితం వచ్చింది. కలిసి పనిచేయడం అన్న గడిలో మా అమ్మాయికి ముగ్గురూ ఒకటే వేశారు. పదికి ఒకటి.

"నేను ఆయన పరువు కాపాడదామనుకున్నా" అంది జెమీమా. "అంత పెద్దాయనకి నీది తప్పు అని ఎట్టా చెప్తాం?"

"నోటితో" అంది రత్నకుమారి. "మా వార్డులో పొద్దున డ్యూటీ మారేటప్పుడు ప్రతి మంచం దగ్గరా నిలబడి పైకి చెప్తాం. అంతా కాగితం మీదుంటది. అయినా చెప్తాం. పెద్ద డాక్టరు రాసిన మందు ఎక్కువగా ఉందనిపిస్తే, సార్ ఒకసారి చూడండి అని అడుగుతాం. అడగకుండా నేనే మార్చేశాననుకో, ఆ రోగికి నేనేం ఇచ్చానో ఎవరికీ తెలియదు. నన్ను గేటు బయటికి పంపిస్తారు. పంపించాలి కూడా."

"నీకు చెప్పడం వచ్చులే అమ్మా. నాలుగేళ్లు ఫోన్లో చెప్పడమేగా చేశావు."

నీళ్లు మరిగి కెటిల్ టక్కుమని ఆగింది.

రత్నకుమారి ఈ దేశానికి ముందు వచ్చింది, నేనూ పిల్లా నాలుగేళ్ల తర్వాత వచ్చాం. ఆ నాలుగేళ్ల సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఆమె చేతిలోని సంచి నేల మీద పెట్టింది, మళ్లీ తీసుకుంది. మెట్ల వైపు తిరిగి రెండు మెట్లెక్కి ఆగింది.

"అవును, ఫోన్లోనే చెప్పా. అప్పుడు నువ్వు ఫోను పెట్టనిచ్చేదానివి కాదు. ఎంత వాగుడు వాగేదానివో. అంత నోరు ఏమైందో మీ నాన్ననడుగు."

నన్నెందుకు అడగాలో నాకు తెలుసు. తెలియనట్టు టీ పోసుకున్నాను.

*

మా కొట్టు కిందే, ఇల్లు పైన. తొమ్మిదిన్నరకు షట్టర్ ఎత్తాను. ఒకేసారి ఇద్దరే లోపలికి రావాలని అద్దానికి కాగితం అంటించాం. ఆ ఉదయం ఆ ఇద్దరూ లేరు. వీధిలో సన్నగా మంచు తుంపర.

గిరాకీ లేనప్పుడు వ్యాపారికి పాత రోజులే గిరాకీ.

చీరాలలో నాకు కొట్టు లేదు. టీవీఎస్ బండి మీద చేనేత చీరల మూట వేసుకుని వేటపాలెం, ఈపూరుపాలెం, పందిళ్లపల్లి తిరిగేవాణ్ణి. రత్నకుమారి విమానమెక్కిన ఏడు జెమీమాకు ఆరేళ్లు. బడి లేని రోజుల్లో పిల్లను ఎవరి దగ్గర వదలాలో తెలియక బండి ముందు నిలబెట్టుకునేవాణ్ణి. హ్యాండిల్ మధ్యలో రెండు చేతులూ పెట్టి, గాలికి కళ్లు చికిలించి, దారి పొడవునా మాట్లాడేది. గేదెతో మాట్లాడేది. రైల్వే గేటు దగ్గర ఆగితే గేటుమ్యాన్‌తో, మేం వేటపాలెం పోవాలి, మీ రైలుని తొందరగా రమ్మని చెప్పు అనేది.

మొదట్లో అది నాకు బరువు. నెల తిరిగేసరికి తెలిసింది, అది నా పెట్టుబడి అని.

వేటపాలెంలో లీలారాణి అనే టీచరమ్మ ఉండేది. మూటలోని చీరలన్నీ తిప్పించి, అన్నీ బాగానే ఉన్నాయిగానీ ఇంకోసారి చూద్దాంలే అనే రకం. ఒకరోజు ముదురు పసుపు చీర భుజాన వేసుకుని చూసుకుంటోంది. నేను, అమ్మగారికి ఎంత నప్పిందో అని మొదలుపెట్టాను. అది నా వృత్తి ధర్మం. ఇంతలో మా పిల్ల ఆమె పక్కన చేరి అంచు పట్టుకుంది.

"టీచరమ్మా, ఇది ఎక్కడికి కట్టుకుపోతావు?"

"బడికే తల్లీ."

"బడికి పోతే సుద్దముక్క పొడి పడుద్దిగా?"

"పడుద్ది."

"మరి దీని మీద పడితే కనపడుద్ది. నీ మొహం కూడా ఇందులో జ్వరమొచ్చినట్టుంది. ఆ బూడిదరంగుది వేసుకో, చూద్దాం."

బేరం పోయిందనుకున్నాను. లీలారాణి టీచరు మాత్రం అద్దం దగ్గరికి వెళ్లి చూసుకుని పెద్దగా నవ్వింది. "నిజమే యెషయా. జ్వరమొచ్చినట్టే ఉన్నా" అంది. బూడిదరంగు చీర తీసుకుంది. ఆ తర్వాత ఆమె నా కోసం కాదు, పిల్ల కోసం ఎదురుచూసేది. ఏది కొన్నా, ఇది నాకెట్టా ఉందో నువ్వు చెప్పు జెమీ, మీ నాన్న అన్నీ బాగున్నాయంటాడు అనేది.

ఆ పద్ధతి ఎవరూ నేర్పింది కాదు. ముందు చేత్తో పట్టుకునేది. తర్వాత అడిగేది. అడిగింది విన్నాక, ఉన్నమాట మొహం మీద చెప్పేది. విన్నవాళ్లకు కోపం వచ్చేది కాదు, ఎందుకంటే అప్పటికే తమ సంగతి ఆ పిల్లకు సగం చెప్పేసి ఉండేవాళ్లు.

అంత సరుకున్న పిల్లను డండాక్ తెచ్చి నేనేం చేశాను?

*

పది గంటలకు జెమీమా కిందికి దిగింది. తలుపు పక్కనున్న బియ్యం బస్తాలను సర్దడం మొదలుపెట్టింది.

"కేశవరావు గారు గుర్తున్నారా?" అన్నాను.

"ఈ కొట్టు ముందు ఆయనదేగా."

"మనం వచ్చిన కొత్తలో నేనిక్కడ పనికి కుదిరాను. రెండు వారాలైంది. నువ్వొక శనివారం ఇక్కడే నిలబడి, అంకుల్, మీరు కందిపప్పు అని చీటీ అంటించింది సెనగపప్పుకి అన్నావు. కొట్టు నిండా జనం."

"ఆయన నవ్వారు."

"నవ్వాడు. తర్వాత సాయంత్రం దాకా నాతో మాట్లాడలా. నాకు భయం పట్టుకుంది. ఇంటికి పోయేటప్పుడు వానలో నీకేం చెప్పానో గుర్తుందా?"

బస్తా మీద ఆమె చేయి ఆగింది.

"పెద్దవాళ్ల తప్పు కనపడితే నోరు మూసుకో. చేతనైతే ఎవరికీ తెలియకుండా సరిచెయ్యి." నా మాటలు నాకే పొల్లుపోకుండా వినిపించింది. "పై శనివారం నలభై ప్యాకెట్లకి చీటీలు మార్చా. కేశవరావు అంకుల్‌కి తెలియనే తెలియలా. నువ్వు నా బంగారు తల్లివే అన్నావు. అంత చలిలో ఐస్‌క్రీం కొనిపెట్టావు."

"ఆఁ."

"నాన్నా, నేను ఫిన్‌టన్‌... ఆయన విషయంలో అదేగా చేసింది."

బేరంలో ఎదుటివాడు సరైన మాట చెప్పినప్పుడు మాట మార్చేవాడు మంచి వ్యాపారి కాదు. ఆ రోజు వానలో నేను చేసింది బేరమే. పిల్ల నోరు ఇచ్చి, నా ఉద్యోగం నిలబెట్టుకున్నాను. ఆ తర్వాత బళ్లో ఆమె ఇంగ్లీషు విని తోటి పిల్లలు నవ్వినప్పుడు, మాట్లాడకపోవడమే మంచిదన్న నా సలహా ఆమెకు ఇంకా బాగా పనికొచ్చింది. మనుషులతో కన్నా కంప్యూటరుతో కుదిరింది. దాని తప్పు దిద్దితే అది మొహం ముడుచుకోదు.

"మన కొట్టు పద్ధతి నీకు తెలుసుగా" అన్నాను. "అమ్మిన సరుకు చెడిపోయిందని తెస్తే ఏం చేస్తాం?"

"వెనక్కి తీసుకుంటాం."

"నేను నీకిచ్చిన ఆ మాట చెడిపోయింది తల్లీ. వెనక్కి తీసుకుంటున్నా. ఆయనకి ఫోన్ చేసి ఇక్కడికి రమ్మను."

"ఏమని పిలవను? అంకుల్ అంటే క్లాసంతా నవ్వుద్ది. పేరు పెట్టి పిలవాలంటే నోరు రాదు. మూడు నెలల్నుంచి ఆయన్ని ఏమీ పిలవకుండా నెట్టుకొస్తున్నా. నీకు తెలుసా, ఆయన కెమెరా వైపు చూసేదాకా ఆగి అప్పుడు మాట్లాడతా, పిలిచే పని లేకుండా."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చిందిగానీ ఆపుకుంది.

"పిలవక్కర్లా. హలో అను చాలు. మిగతాది ఆయన వచ్చాక చూసుకుందాం."

*

ఫిన్‌టన్ ఇల్లు నాలుగు వీధుల అవతల. లాక్‌డౌన్‌లో దాటకూడదన్న ఐదు కిలోమీటర్ల హద్దు లోపలే. పదకొండుకు వచ్చాడు. తలుపంత ఎత్తు మనిషి, నడుముకు పట్టీ, ఉన్ని టోపీ. లోపలికి రాలేదు. అద్దం బయట చూరు కింద నిలబడ్డాడు. జెమీమా పాల పెట్టె బోర్లించి దాని మీద లాప్‌టాప్ పెట్టి, ఆవలి వైపు నిలబడింది. గాలి ఆడాలని తలుపు తీసే ఉంచుతాం కనుక నాకు అంతా వినపడుతోంది. వాళ్లు మాట్లాడింది ఇంగ్లీషులో. నేను తెలుగులో చెబుతున్నాను.

"ఎలా ఉన్నారు?" అంది జెమీమా.

"గ్రాండ్" అన్నాడు.

ఈ దేశంలో గ్రాండ్ అంటే బాగున్నానని కావచ్చు, నన్ను వదిలెయ్యమని కావచ్చు. ఏది ఎప్పుడో తెలియడానికి నాకు పదేళ్లు పట్టింది. ఇది రెండోది.

వీధిలో ఒక బస్సు ఖాళీగా వెళ్లిపోయింది.

"నీకో సంగతి చెప్పనా?" అన్నాడు చివరికి. "రెండో వారం నేను రాసింది ఒక్క దెబ్బకే పని చేసింది. చేసిందనుకున్నాను. మా ఆవిడకు చెప్పాను. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టుకున్నవాడికి ఇది కూడా వచ్చిందని ఆవిడ కేకు చేసింది. ఇరుగుపొరుగుకు ముక్కలు పంచింది. ఆ కోడ్ రాసింది నువ్వు."

జెమీమా మొహం పాలిపోయింది. నేను తూకం మిషను తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను. ఇలాంటి చోట నా నోరు ఎగిరి దూకుతుంది. సారీ అంటాను, ఊరగాయ జాడీ చేతిలో పెడతాను, ఏదో ఒకటి చేసి వాతావరణం తేలిక చేస్తాను. ఆ రోజు కౌంటర్ వదలకుండా నిలబడటం నా జీవితంలో చేసిన కష్టమైన పనుల్లో ఒకటి.

ఆమె సారీ అనలేదు. లాప్‌టాప్‌ను ఆయన వైపు తిప్పింది.

"మీ పాతది ఇందులో ఉంది. మొదటి వారంది. అప్పుడు మీరెందుకు అలా రాశారో చెబుతారా? నేను అడగలేదు."

"తప్పు ఎలా రాశానో అడుగుతున్నావా?"

"లేదు. దగ్గరి ఇల్లు వదిలేసి దూరపు ఇంటికి ముందు ఎందుకు పంపారు? నాకు అర్థం కాలేదు. అర్థం కాక మార్చేశాను."

ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. వంగలేక, వేలు దూరం నుంచే చూపించాడు.

"ఈ ఇల్లు రోడ్డు అవతల. కుడికి తిరిగి దాటాలి. పొద్దున పూట సరుకుల బండి అక్కడ దాటడానికి పది నిమిషాలు కాచుకోవాలి. తిరిగొచ్చేటప్పుడైతే అదే ఇల్లు ఎడమ పక్కకు వస్తుంది. ఇది ఏటవాలు సందు, ఫిబ్రవరిలో పదింటి దాకా మంచు కరగదు. ఇక్కడున్న ముసలాయన మంచం దిగి తలుపు దాకా రావడానికి ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాలూ లెక్కలో వేశాను. మీ పిల్లలు మ్యాపు చూస్తారు. నేను రోడ్డు చూశాను."

జెమీమా తెరను కిందిదాకా జరిపి చూసింది.

"ఇదంతా నేను చెరిపేశాను" అంది.

"చెరిపేశావు."

"ఇది కావాలి. మనం యాప్ చేస్తున్నదే ఆ ముసలాయన కోసం." కౌంటర్ పట్టుకుని నేను వింటున్నాను. "కానీ ఇక్కడొక తప్పుంది, ఫిన్‌టన్."

పేరు. పెద్దగా, నడివీధిలో, పేరు.

"ఎక్కడ?"

"ఒక ఇంటివాళ్లు ఆ రోజు ఏమీ అడగలేదనుకోండి. ఇది ఆ గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. ముందుకు కదలదు."

ఆయన కళ్లద్దాలు తీసి పెట్టుకుని చదివాడు. పెదవులు కదిలాయి. తర్వాత గట్టిగా ఊపిరి వదిలాడు.

"అవును, ఆగిపోతుంది. ఖాళీ ఇంటి ముందు హారన్ కొడుతూ నిలబడ్డట్టు." మొదటిసారి నవ్వాడు. "ఇది చెప్పడానికి ఎంతసేపు పట్టింది? అర నిమిషం. ఆరు వారాలు దాచావు."

"మీరు పెద్దవారు. మా ఇళ్లల్లో అలా చెప్పరు."

"మా ఇళ్లల్లో చెప్పకపోతే చిన్నచూపు చూశారనుకుంటాం."

పదకొండూ నలభై అయింది. జెమీమా నా వైపు తిరిగి చూసింది. ఆ మొహం చూసి, ఇక మెయిలు పంపదులే, గండం గడిచింది అని అంచనా వేశాను. ఎప్పటిలాగే.

అప్పుడు ఫిన్‌టన్ అన్నాడు: "ముందే చెప్పాల్సింది. నేను నిన్న సాయంత్రం మేడమ్‌కు మెయిలు పంపేశాను. టీమ్ కాదు. కాలేజీయే మానేస్తున్నానని."

*

పన్నెండుకు వంటింటి బల్ల మీద లాప్‌టాప్ తెరుచుకుంది. ఇంటికి వెళ్లిన ఫిన్‌టన్ కూడా మీటింగులో చేరాడు. నేను కొట్టు తలుపుకు గడియ పెట్టి మెట్ల మధ్యలో కూర్చున్నాను. పైమెట్టు మీద రత్నకుమారి కూర్చుని ఉంది. డ్యూటీ దిగి వచ్చిన మనిషి, నిద్రపోలేదు.

"కెమెరా పెట్టిందా?" అని గుసగుసగా అడిగింది.

"పెట్టింది. లైటు కనపడుతోంది."

ఏడాదిగా క్లాసుకు మా అమ్మాయంటే కెమెరా లేని నల్లటి గడిలో పేరు తాలూకు రెండక్షరాలు. ఆ రోజు ఆమె మొహం, వెనక మా ప్రెస్, అందులో పప్పు డబ్బాలు, అన్నీ మీటింగులో అందరూ చూశారు.

"నేను ముందు మాట్లాడవచ్చా?" అంది. అక్కడే నేను సగం గెలిచాను. తర్వాతిది ఒక్క గుక్కలో వచ్చింది.

"నాకు వేసిన ఒకటి సరైనదే. దాన్ని మార్చమని అడగను. ఫిన్‌టన్ పనిలో ఒక తప్పుంది, అర నిమిషంలో చెప్పగలిగింది. నా పనిలో ఆరు వారాల తప్పుంది. ఆయన రోడ్డు చూసి రాసినదాన్ని నేను అడగకుండా తీసేశాను. అది తిరిగి పెట్టకపోతే మన యాప్ మ్యాపుకే పనికొస్తుంది, మనుషులకు పనికిరాదు. అది తిరిగి పెట్టడం నాకు రాదు. ఆయనకే వచ్చు. ఆయన వెళ్లిపోతే నేను ఈ టీమ్‌లో ఉండి చేసేదేమీ లేదు."

లాప్‌టాప్‌లోంచి ఏ శబ్దమూ రాలేదు. వేటపాలెంలో లీలారాణి టీచరు అద్దం దగ్గరికి నడిచి వెళ్తున్నప్పుడు కూడా ఇంతే నిశ్శబ్దం.

టీమ్‌లోని ఐరిష్ పిల్ల ఈఫా మొదట మాట్లాడింది. "ఇన్నాళ్లూ నువ్వు మమ్మల్ని లెక్కచేయడం లేదనుకున్నాం జెమీమా. నీకు భయమని మాకు తెలియదు."

"నాకూ ఈ రోజే తెలిసింది."

మేడమ్ గొంతు నెమ్మదిగా వచ్చింది. మార్కుల కాగితం మళ్లీ తెరవొచ్చో లేదో అడిగి సోమవారం చెబుతానంది. కంపెనీకి రాయాల్సిన మాట కూడా అప్పుడే. తర్వాత, "ఫిన్‌టన్, మీ మెయిలు నేను ఇంకా చదవలేదని అనుకుందామా?" అని అడిగింది.

"మా ఆవిణ్ణి అడిగి చెబుతాను" అన్నాడు.

రత్నకుమారి నా భుజం మీద చేయి వేసింది. స్నానం చేసిందో లేదో నేను అడగలేదు.

*

ఒంటిగంటకు కొట్టు మళ్లీ తెరిచాను. సూర్యప్రభ గారు వచ్చారు. ఊళ్లో మా తెలుగువాళ్లందరికంటే పెద్దామె. కరివేపాకు కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని, "ఎప్పుడొచ్చినా ఇప్పుడే కోసినట్టుంటది యెషయా. ఇంత బాగా ఎట్టా లెక్క కడతావయ్యా?" అన్నారు.

నేను మాస్కు వెనక వినయంగా నవ్వాను. అప్పుడే జెమీమా మెట్లు దిగి వచ్చింది.

"నాన్నా, నీకొకటి చెప్పాలి."

"ఆంటీ గారు వెళ్లాక చెబుదువులే."

"ఆ మాట వెనక్కి తీసుకున్నానన్నావుగా పొద్దున."

సూర్యప్రభ గారు కరివేపాకు పట్టుకుని ఆసక్తిగా నిలబడిపోయారు.

జెమీమా కౌంటర్ మీది ఆర్డరు పుస్తకాన్ని చేత్తో పట్టుకుంది. "మొన్న మంగళవారం కరివేపాకు ఎన్ని కట్టలు చెప్పావు?"

"ముప్పై."

"ఎందుకు ముప్పై?"

"పోయినవారం అన్నీ అయిపోయినయ్యిగా."

"పోయినవారం ఎండగా ఉంది. ఈ వారమంతా వానని నువ్వు ఫోన్లో చూశావా?"

"చూడలా."

"నేను మెయిల్లో పద్దెనిమిది కొట్టా నాన్నా. పోయినవారం నువ్వు ఇరవై చెప్తే ఇరవై ఆరు కొట్టా. నాకు పన్నెండేళ్లప్పటి నుంచి నేను నీ ఆర్డర్లన్నీ దిద్దుతున్నా. నీకు బాధ కలుగుద్దని చెప్పలా."

ఫిన్‌టన్ భార్య చేసిన కేకు రుచి ఎలా ఉండి ఉంటుందో ఆ క్షణంలో నాకు తెలిసింది. ఎనిమిదేళ్లుగా నేను ఎంతమందికి ముక్కలు పంచానో కూడా గుర్తొచ్చింది. సూర్యప్రభ గారు దగ్గు వచ్చినట్టు అటు తిరిగారు. ఆ దగ్గు కోవిడ్‌ది కాదు.

కోపం వచ్చింది. దాచను. దాని వెనకాలే ఇంకొకటి వచ్చింది: ఆమె ముందు పుస్తకం పట్టుకుంది, తర్వాత అడిగింది, విన్నాక చెప్పింది. రైల్వే గేటు దగ్గర గాలికి కళ్లు చికిలించిన పిల్ల నా కౌంటర్ అవతల నిలబడి ఉంది.

"ఒక్క కరివేపాకేనా?" అని అడిగాను.

"కూర్చో నాన్నా. చాలా ఉన్నయ్యి. మునక్కాయలతో మొదలుపెడదాం."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. ఫిన్‌టన్ వస్తాడో రాడో తెలియదు. శాండీఫోర్డు సోమవారం దాకా తేలదు. ఆ రోజుకు నా లెక్క మాత్రం తేలిపోయింది. పొద్దున నా చేతిలో ఉన్న రెండు ఆస్తుల్లో అంచనా నాది కానేకాదు. నోరు మాత్రం మా ఇంట్లో ఒకటికి రెండయింది.